పద్నాలుగో గడిలో నేను రాసిన ‘లేదు’

బీపీ చూశాక చేతికి చుట్టిన పట్టీని విప్పేటప్పుడు చర్రుమని ఒక చప్పుడు వస్తుంది. అనకాపల్లిలో మా నర్సింగ్ కాలేజీ వరండాలో ఈ ఉదయం నుంచి ఆ చప్పుడు వినపడుతూనే ఉంది. కొత్తగా చేరబోయే ఆడపిల్లలు బల్ల ముందు కూర్చుని ఒక్కొక్కరే చెయ్యి చాపుతున్నారు. స్పిరిట్ వాసన, సూదిని చూసి ఎవరో పిల్ల పెట్టిన కేక, తక్కినవాళ్ళ నవ్వు. అడ్మిషన్ల గుమాస్తాగా చేరి, ఇరవై రెండేళ్ళకు ఇక్కడే ఆఫీసు సూపరింటెండెంటునయ్యాను. ఈ చప్పుడు విన్నప్పుడల్లా నాకు మా పాత ప్రిన్సిపాల్ వరహాలమ్మ గారు గుర్తుకొస్తారు. ఆమె గురించి ఊళ్ళో ఒక మాట ఉంది. పోలీసు కేసున్న పిల్లను, తమ వాళ్ళ పిల్ల అని, ఆ సంగతి దాచిపెట్టి కాలేజీలో చేర్చుకుందని. అది అబద్ధం. దాచింది నేను. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వరహాలమ్మ గారు సముద్రపొడ్డున చేపలు పట్టుకునే కుటుంబంలో పుట్టి, నర్సుగా ఎదిగి, ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరయ్యారు. ఆ తర్వాత మా యాజమాన్యం ఏడాదికోసారి పొడిగించే ఒప్పందం మీద ఆమెను ప్రిన్సిపాల్‌గా తీసుకుంది. పొట్టి మనిషి. కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉండేది. అది కిందికి దిగిందంటే ఎవరికో మూడిందని మేం అనుకునేవాళ్ళం. ఆమె వచ్చిన మొదటి ఏడాదే అది నా కోసం దిగింది. చేరిన పిల్లలందరికీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు కావాలి. ఏటా చేసినట్టే ఖాళీ ఫారాలన్నీ కట్టగట్టి తెలిసిన డాక్టరు దగ్గర సంతకాలు చేయించి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాను. ఒక గంట తర్వాత పిలుపు వచ్చింది.

“సన్యాసీ, ఇలా రా. ఈ నలభై మందీ ఒక్క తల్లి కడుపునే పుట్టేరా?”

“ఏమైందమ్మా?”

“అందరికీ బీపీ నూట ఇరవై, ఎనభై. అందరికీ నాడి డెబ్బై రెండు. కవల పిల్లలకి కూడా ఇంత బాగా కలవదు గదరా! ఆ డాక్టరు ఈళ్ళ మొకాలైనా సూసేడా?”

“ఏటా ఇంతేనమ్మా. ఫార్మాలిటీ కదా.”

“నీ పేరు సన్యాసిరావు గానీ, నిజంగా సన్యాసివైపోయేవు. ఏదీ పట్టదు నీకు,” అని ఆ కట్టను నా చేతికే తిరిగి ఇచ్చేశారు.

మర్నాడు పిల్లలందరినీ వరండాలో నిలబెట్టి, డాక్టర్ని అక్కడికే రప్పించి, ఆయన పక్కన కూర్చుని తనే బీపీ చూశారు. కోటవురట్ల నుంచి వచ్చిన ఒక పిల్లకు రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఏడే ఉందని తేలింది. ఇంటికి పంపేస్తారని ఆ పిల్ల ఏడుపందుకుంది. వరహాలమ్మ గారు దాని చెయ్యి వదలకుండానే కసురుకున్నారు. “ఏడవకే. నిన్ను తోసేయడానికి సూత్తన్నాననుకున్నావా? రేపు నువ్వు రోగిని లేపి కూకోబెట్టాల. ముందు నువ్వు పడిపోకుండా ఉండాల గదా. బిళ్ళలు మింగు, చోడి అంబలి తాగు, మూడు నెలలకి మళ్ళీ సూత్తాను.” చెప్పినట్టే మూడు నెలలకు చూశారు. ఈ తనిఖీలన్నీ మనుషుల్ని ఏరి పారేయడానికే అని నేను అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఆ రోజు మొదటిసారి నాకు అనుమానం వచ్చింది. అనుమానమైతే వచ్చింది గానీ, నా అలవాటు పోలేదు.

మా దరఖాస్తులో పద్నాలుగో గడి ఒకటుంది: ‘మీ మీద ఏదైనా పోలీసు కేసు ఉన్నదా?’ రోగుల పక్కన పనిచేయబోయే వాళ్ళు గనక దీన్ని తర్వాత పోలీసులు కూడా విచారించి రిపోర్టు పంపుతారు. పల్లెల నుంచి వచ్చిన తల్లిదండ్రులు ఆ ప్రశ్న చూసి బెదిరిపోయేవారు. అందుకని అక్కడ ‘లేదు’ అని నేనే రాసేసేవాణ్ణి. ఎవర్నీ అడిగేవాణ్ణి కాదు. రెండేళ్ళు గడిచాక, ఒక అడ్మిషన్ల రోజున, పరవాడ వైపు నుంచి నూకరత్నం అనే అమ్మాయి వచ్చింది. పక్కన చేపలమ్ముకునే వాళ్ళమ్మ. ఆ అమ్మాయి ఫారం తనే నింపుకుని తెచ్చింది. పద్నాలుగో గడిలో ‘ఉంది’ అని రాసి, వెనక పేజీ నిండా సంగతంతా రాసింది. కంపెనీ వల్ల వాళ్ళ ఊళ్ళో బోరునీళ్ళు పాడయ్యాయని ఆడవాళ్ళు కంపెనీ బస్సులకు అడ్డంగా రోడ్డు మీద కూర్చున్నారు. అమ్మను ఇంటికి తీసుకుపోదామని వెళ్ళిన నూకరత్నాన్ని, చదువుకున్న పిల్లవి, అందరి పేర్లూ రాసిమ్మని పోలీసులు అడిగారు. రాసిచ్చింది. రాసేది తనే గనక తన పేరు మొదట రాసుకుంది. కేసులో మొదటి ముద్దాయి అయిపోయింది. అప్పటికి ఆమెకు పద్దెనిమిది నిండి రెండు నెలలు.

“ఏటమ్మా ఇది, కథ రాసేవా?” అన్నాను.

“జరిగిందే రాసేను సార్.”

“ఇలా రాత్తే సీటు ఎవరిత్తారు నీకు? ఆ గడిలో అందరూ లేదనే రాత్తారు.”

“అబద్ధం అవుద్దేమో సార్.”

వాళ్ళమ్మ నాకు దణ్ణం పెట్టింది. “సదువుకున్నోరు బాబూ, మీకు తెలవదా? మా పిల్లకి ఏది మంచిదో అదే రాయండి.”

కొత్త ఫారం తీసి మొత్తం నేనే నింపాను. పద్నాలుగో గడిలో ‘లేదు’ అని రాశాను. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి సంతకం చేసింది. పాత ఫారం చింపి బుట్టలో వేశాను. అది దయ అనుకున్నాను. ఇప్పుడాలోచిస్తే అందులో సగం దయ, సగం పని తొందర. వరహాలమ్మ గారు ప్రతి పిల్లతోనూ మాట్లాడేవారే గానీ, లేదని రాసి ఉన్నదాన్ని మళ్ళీ అడగాలని ఆమెకెందుకు తోస్తుంది?

నాలుగు నెలలకు పోలీసు రిపోర్టు వచ్చింది. కేసు ఉంది, విచారణలో ఉంది. నిజానికి ముందే చెప్పి ఉంటే కమిటీ విని వదిలేసే పాటి కేసది. దాచిందన్నదే పెద్ద తప్పయి కూర్చుంది. సీటు తీసేయాలని కమిటీ కూర్చుంది. కరస్పాండెంటు గారు నూకరత్నాన్ని నిలబెట్టి, లేదని ఎందుకు రాశావని అడిగారు.

“నేను ఉందనే రాసేను సార్. సన్యాసిరావు సారు వేరే ఫారం నింపి, లేదని రాసేరు.”

అందరూ నా వైపు తిరిగారు. ఉద్యోగం, ఇల్లు, ఇద్దరు పిల్లలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. “లేదండీ. ఆ అమ్మాయి చెప్పిందే నేను రాశాను,” అన్నాను.

నూకరత్నం ఏడవలేదు. నా కళ్ళలోకి చూసి, “నా ఎదురుగానే అంటన్నారా సార్?” అంది.

వరహాలమ్మ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “ఈళ్ళిద్దరిలో ఎవరు అబద్ధం ఆడేరో నాకు తెలీదు. ఫారం నా ఆఫీసులో నింపేరు. కింద సంతకం నాది. నేను అడగాల, అడగలేదు. పిల్ల సీటు తీయకండి. తీయాలంటే ముందు నన్ను తీసేయండి,” అన్నారు.

సీటు నిలిచింది. ‘వివరాలు దాచినందుకు హెచ్చరించడమైనది’ అన్న కాగితం ఒకటి నూకరత్నం ఫైల్లో చేరింది. ఆ ఏడాదితో వరహాలమ్మ గారి ఒప్పందం ముగిసింది, మళ్ళీ పొడిగించలేదు. తమ వాళ్ళ పిల్లను కాచుకోబోయి ఉద్యోగం పోగొట్టుకుందన్న మాట ఊళ్ళో పుట్టింది. దాన్ని పుట్టించింది నేను కాదు. ఆపగలిగినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

కొన్నాళ్ళకు ధైర్యం కూడగట్టుకుని మునగపాకలో ఆమె ఇంటికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఆమె టీ ఇచ్చి, నేను నోరు తెరిచే లోపల కాలేజీ సంగతులు అడగడం మొదలుపెట్టారు.

“నూకరత్నం కామెర్ల టీకా మూడో డోసు ఏయించుకుందా?”

“వేయించుకుందమ్మా.”

“సూసేవా? కార్డు సూసేవా?”

చూడలేదు. ఆ మాటే చెప్పాను.

“సూడకుండా అవునంటావేటి సన్యాసీ? రోగి సూది దాని చేతికి గుచ్చుకుంటే ఆ ‘అవును’ అడ్డమొస్తాదా?”

మర్నాడు కార్డు తీయించి చూస్తే మూడో డోసు పడలేదు. ఆ రోజే వేయించాను. చెప్పాల్సిన మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. మళ్ళీ వెళ్దామనుకుంటూ ఏళ్ళు గడిపాను. పోయిన ఏడాది ఆమె చనిపోయారు. పెద్దకర్మ రోజున షామియానా కింద నా వెనక కుర్చీల్లో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

“మంచి మనిషే గానీ బావా, ఆ కేసు పిల్లని దాసింది సూడు, అదొక్కటే.”

“తనోళ్ళంటే ఎవుళికి తీపి కాదు బావా!”

నేను వెనక్కి తిరగలేదు. విస్తరి ముందు కూర్చుని తిని వచ్చాను.

కిందటి నెల ప్రభుత్వ వైద్య శాఖ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నూకరత్నం మీద కేసును కోర్టు ఎప్పుడో కొట్టేసింది. విశాఖలో నర్సుగా పనిచేస్తూ ఇప్పుడు ప్రభుత్వోద్యోగానికి ఎంపికైంది. చదువుకునే రోజుల్లో ఆమె ఏవైనా వివరాలు దాచిన సందర్భం ఉన్నదా అని మమ్మల్ని అడిగారు. జవాబు రాయాల్సింది నేనే. ఫైలు తీస్తే ఆ హెచ్చరిక కాగితం అలాగే ఉంది. అది చూసి ఉన్నదని రాస్తే ఆమె ఉద్యోగం పోతుంది. కాగితం చింపేసి ‘లేదు’ అని రాస్తే ఎవరికీ తెలియదు. పైగా ఈసారి ఆ మాట నిజం కూడా. కాగితం చింపబోయి ఆగాను. చింపితే నేను చేసేది మళ్ళీ ఆ పాత పనే. తెల్లకాగితం తీసుకుని, ఆ రోజు జరిగిందంతా రాసి, హెచ్చరిక రద్దు చేయమని కోరుతూ సంతకం పెట్టి కరస్పాండెంటు గారికి ఇచ్చాను.

“ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకయ్యా? ఇంకో ఆరేళ్ళలో రిటైరవుతావు,” అన్నారాయన.

“ఆ అమ్మాయికి ఇంకా ముప్పై ఏళ్ళ సర్వీసుందండీ,” అన్నాను.

కమిటీ హెచ్చరికను రద్దు చేసింది. నా ఉత్తరం నకలు జత చేసి, ఆమె ఏదీ దాచలేదని జవాబు పంపారు. నాకు మెమో వచ్చింది, విచారణ నడుస్తోంది. ఏం చేసినా ఒప్పుకుంటాను. జవాబు పంపిన సాయంత్రం నూకరత్నానికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆమె ముందు ఉద్యోగం సంగతే అడిగింది.

“ఆ జవాబు సరిపోద్దా సార్, ఉద్యోగానికి?”

“సరిపోద్దమ్మా.”

“మంచిది.” ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. “మేడం బతికుండగా సెప్పుంటే బాగుణ్ణు సార్. ఆయమ్మ నన్ను నమ్మిందో లేదో నాకు తెలవకుండానే ఎళ్ళిపోయింది.”

ఆమె నన్ను క్షమించలేదు. నేనూ అడగలేదు. ఆ మాటకు జవాబు చెప్పగల ఒకే ఒక్క మనిషి ఇప్పుడు లేరు. లేకుండా పోయేదాకా కాలం గడిపింది నేను. అది నాతోనే ఉంటుంది.

ఈ ఉదయం ఫారాలు పంచే ముందు పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ హాల్లో కూర్చోబెట్టాను. ఎవరి ఫారం వాళ్ళే నింపాలని, కేసున్నా జబ్బున్నా ఉన్నది రాయాలని, రాసినందుకు ఎవర్నీ వాళ్ళ మాట వినకుండా పంపించెయ్యబోమని చెప్పాను. ఎందుకు చెబుతున్నానో కూడా చెప్పాను. పద్నాలుగో గడి, నూకరత్నం, కమిటీ ముందు నేనాడిన అబద్ధం, అన్నీ. ముందు వరసలో ఒక తండ్రి నవ్వాడు. “అయితే అసలు ముద్దాయి తమరేనా బాబూ?”

“నేనే,” అన్నాను.

ఆ నవ్వు ఆగాక వెనక నుంచి ఒకావిడ అడిగింది, “ఆ మేడం పేరేటండీ?”

చెప్పాను. వినపడలేదంది. లేచి నిలబడి, హాలు చివరిదాకా వినపడేటట్టు మళ్ళీ చెప్పాను.