కచోరీకి అనుపానం

నాకు అనుమానం ఎక్కువ. పాలవాడు నీళ్ళు కలపని రోజున, ఇవాళ ఎందుకు కలపలేదా అని ఆలోచించే మనిషిని. అందుకే, పెళ్ళయిన రెండో ఏడు మా ఆయన శనివారాలు సంచి పట్టుకుని మేడమీది గదికి పోవడం మొదలుపెట్టగానే నా ముక్కు చెవులు రెండూ అటే తిరిగాయి.

యాభైల నడిమి సంవత్సరాలవి. దబీర్‌పురాలో గుడిని ఆనుకున్న ఇంట్లో ఉండేవాళ్ళం. ఇల్లు గుడిదే. గుడి తాళంచెవి ఎవరి మొలలో ఉంటే ఇల్లు వాళ్ళది. మామగారు అర్చకులు. పొద్దున్నే గుడి తలుపులు తీసే పని కొడుక్కు అప్పగించారు కాబట్టి తాళంచెవి అప్పటికే మా ఆయన మొలలో ఉండేది.

మామగారికి తాతల నాటి వైద్యం కొంచెం తెలుసు. ఏ మందు ఇచ్చినా దానితోపాటు ఏం తాగాలో చెప్పేవారు. తేనె నీళ్ళో, మజ్జిగో, వేడిపాలో. దాన్ని అనుపానం అంటారట. అలవాటు ముదిరి ఆయన తిండికి కూడా అనుపానం చెప్పేవారు. గారెలకు అల్లం వేసిన మజ్జిగ, పోలెలకు వేడిపాలు, పులిహోరకు వట్టి నీళ్ళు. నేను పొరపాటున ఒకదాని లోటా ఇంకోదాని పక్కన పెడితే ముట్టేవారు కాదు. ఇంట్లో మడిగా వండింది తప్ప ఇంకేదీ నోట పెట్టరని పేట అంతా గొప్పగా చెప్పుకునేది. గర్భగుడిలోకి వెళ్ళే మనిషికి అది తప్పనిసరి కూడా.

మా ఆయన రైల్వే ఆఫీసులో గుమాస్తా. మా పెళ్ళికి ముందు, అత్తగారు పోయిన ఏడు, సేంది దుకాణంలో కల్లుతో మొదలై సీసాల దాకా వెళ్ళారు. మామగారు హారతి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించారు. మళ్ళీ తాగితే తాళంచెవి దాయాదులకు పోతుందని ఆ ఒట్టుకు షరతు. ఈ సంగతి కాపురానికి వచ్చిన వారానికే మామగారు నాకు చెప్పారు. చూసుకొమ్మని చెప్పారో, హెచ్చరించారో ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం చూసుకోవడం మొదలుపెట్టాను.

శనివారం ఆఫీసు ఒంటిపూట. సైకిల్ మీద పత్తర్‌గట్టి బజారు మీదుగా వస్తూ మోదుగాకుల పొట్లంలో కచోరీలు తెచ్చేవారు. నాకు రెండు చేతిలో పెట్టి, మిగతావి మేడ మీదికి. సాయంత్రం హారతి అయ్యాక మామగారు జాతకాలు రాసే పని ఉందని పైకి వెళ్ళేవారు. తలుపు వేసుకునేవారు. పాపం, ఆ వయసులో కొడుక్కు కాపలా కాస్తున్నారనుకున్నాను.

ఒకరోజు పరుపులు ఎండకు వేస్తుంటే మేడమీది గదిలో ట్రంకుపెట్టె వెనక సీసా దొరికింది. బల్లపరుపు సీసా. పాత సామాన్లలో నేను చూసినదే, ఆయన తాగే రోజులది. అందులో సగానికి నల్లటి ఎరుపు రసం. మూత తీస్తే తియ్యగా, పుల్లగా, ఘాటుగా ముక్కుకెక్కింది. 

సాయంత్రం మా ఆయన్ని ఏమిటిదని అడిగాను. ఆయన నా మొహం చూడలేదు.

“కచోరీలు అరుగుతలేవు. దానికి గదే అనుపానం. రెండు చెంచాలు, అన్నే నీళ్ళు. నీకెందుకు గంత ఫికర్?”

మందు అని ఊరుకుంటే నమ్మేదాన్నేమో. చెంచాల లెక్కతో సహా చెప్పేసరికి కట్టుకథని తేల్చేశాను. అనుపానం అనే మాట ఆయన నోట అంతకుముందు ఎన్నడూ వినలేదన్నది ఆ రోజు నాకు తట్టలేదు. అంత అనుమానం ఉండి ఏం లాభం, పట్టుకోవలసినదాన్ని వదిలేశాను.

మర్నాడు సీసాను గోడ మీదుగా పక్కింటి అక్కకు అందించాను. వాళ్ళు క్రైస్తవులు, ఆమె భర్త స్టేషన్‌లో పనిచేసేవాడు. ఆమె ఒకసారి వాసన చూసి, ఇంకోసారి చూసి, గొంతు తగ్గించింది.

“గిది మా చర్చిల ఇచ్చే ద్రాక్షారసం వాసనే చెల్లె. వైనే.”

ఇల్లు పోతుందన్న భయం ఒకటి, నన్ను మోసం చేశారన్న మంట ఒకటి. మంటే గెలిచింది. సీసా తీసుకెళ్ళి మామగారి ముందు పెట్టి అంతా చెప్పేశాను. ఆయన సీసాను వెలుతురుకు పట్టి చూశారు. తర్వాత, రుచి చూశావా అని అడిగారు. ఛీ, నేనెందుకు చూస్తానన్నాను. ఊపిరి వదిలారు. ఆ రసాన్ని నేనే మోరీలో పారబోశాను.

ఆ సాయంత్రం మళ్ళీ హారతి, మళ్ళీ ఒట్టు. కొడుకు మొలలోని తాళంచెవి తీసుకుని మామగారు తన మొలలో దోపుకున్నారు. మా ఆయన నా వైపు ఒకసారి చూశారంతే. దాయాదుల సంగతి మామగారు ఎత్తలేదు. ఎందుకెత్తలేదా అని దానికీ నాకు అనుమానమే.

పొట్లాలు ఆగిపోయాయి. ఇంట్లో మాటలూ ఆగిపోయాయి. మూడో శనివారం నాకే మనసొప్పక, మడి కట్టుకుని పెసరపప్పుతో కచోరీలు చేశాను. తండ్రీకొడుకులకు విస్తళ్ళు వేసి, మామగారి పక్కన లోటాతో మజ్జిగ పెట్టాను. ఆయన రెండు తిన్నారు. మూడోది విరుస్తూ ఎడమ చేత్తో లోటాను పక్కకు జరిపారు.

“మంచిగున్నయమ్మా. పత్తర్‌గట్టి వాటికన్న ఇంగువ జర తక్కువైంది. గని కచోరీకి మజ్జిగేందమ్మా? దీని అనుపానం ద్రాక్షారిష్టం. రెండు చెంచాలు, అన్నే నీళ్ళు.”

అన్నాక తానేమన్నారో ఆయనకే వినిపించినట్టుంది. చెయ్యి ఆగిపోయింది. మా ఆయన తల ఇంకా కిందికి వంచుకున్నారు.

ద్రాక్షారిష్టం అంటే ద్రాక్షపళ్ళను కుండలో పులియబెట్టి వైద్యులు చేసే అరుగుదల మందు. పక్కింటి అక్క ముక్కు తప్పు చెప్పలేదు. నేనే తప్పు మనిషిని పట్టుకున్నాను. కొడుకు తాగాడంటే తండ్రి తర్వాత తాళంచెవి కొడుక్కు రాదు. తండ్రి బజారు తిండి తింటున్నాడని తెలిస్తే అది ఆ క్షణమే పోతుంది. అందుకని మా ఆయన తాగని దానికి ఒట్టు వేసి కూర్చున్నారు. 

“వాడు ఒక్క చుక్క తాగలేదమ్మా,” అన్నారు మామగారు. “అన్నీ నేనే.”

ఎంగిలి చేత్తో గ్లాసు కూడా ముట్టుకోని మనిషి, ఆ ఎంగిలి చేత్తోనే మొలలోంచి గుడి తాళంచెవి తీసి కొడుకు విస్తరి పక్కన పెట్టారు.  మా ఆయన లేచి చేతులు కడుక్కుని వచ్చి, తాళంచెవిని కూడా నీళ్ళతో కడిగి మొలలో పెట్టుకున్నారు.

తప్పయిందని నేను ఇద్దరిలో ఎవరితోనూ అనలేకపోయాను. తర్వాతి శనివారం ఆయన ఆఫీసుకు బయలుదేరుతుంటే సంచి నేనే అందించాను. అందులో కడిగి ఆరబెట్టిన ఖాళీ సీసా ఉంది.