అత్తయ్య అడిగిన కొసరు

ఆ రోజుల్లో, అంటే నాకు జుట్టు నిండుగా, బుద్ధి పల్చగా ఉన్న రోజుల్లో, ఐర్లండులోని గాల్వేలో కాపురమున్న మాలాంటి బ్రహ్మచారులకు డబ్లిన్ అంటే ప్రధానంగా తిండి. వారమంతా మా కంపెనీ క్యాంటీన్‌లో బంగాళాదుంపలు రకరకాల వేషాల్లో (ఒకరోజు ఉడికి, ఒకరోజు వేగి, ఒకరోజు నలిగి) ఎదురయ్యేవి. శనివారం రాగానే ఎవడో ఒకడు రైలెక్కి రాజధానికి పోయేవాడు, అక్కడి వీధుల్లో దొరికే అసలు రుచులేవో కనిపెట్టి వస్తానని. సాయంత్రం తిరిగొచ్చాక అడిగితే, ఎవరో అక్క ఇంట్లో పప్పుచారు తిన్నాననో, బాబాయి ఇంట్లో కోడికూర తిన్నాననో చెప్పేవాడు. అన్నేళ్ళలో డబ్లిన్ వెళ్ళి డబ్లిన్ తిండి తిని వచ్చిన తెలుగువాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. నేను మాత్రం అలా కాదనుకున్నాను. మిగతావాళ్ళూ రైలెక్కేటప్పుడు అలాగే అనుకుని ఉంటారన్న సంగతి అప్పట్లో తట్టలేదు.

నా పథకం చక్కగా ఉండేది. పొద్దున్నే దిగడం, మధ్యాహ్నం రేవు దగ్గర చేపల సూపు, ఆ తర్వాత కాగితంలో చుట్టిచ్చే వేడి వేడి చేపా చిప్సూ, చివర్లో ఒక పాత బేకరీలో గర్ కేకు. మొదటి రెండూ నా నాలుక కోసం. మూడోది మాత్రం నా తల మీద కప్పు కోసం.

అదెలాగో చెప్పాలి. నేను ఒక ముసలావిడ ఇంట్లో మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆవిణ్ణి మేమంతా ఓనరమ్మ అనేవాళ్ళం. పుట్టింది డబ్లిన్‌లో, పెళ్ళయ్యాక గాల్వే వచ్చి అక్కడే ఉండిపోయింది. ఆవిడకు ప్రపంచంలో ప్రతిదీ 'గ్రాండే', అంటే ఫరవాలేదనే. వానొచ్చినా గ్రాండ్, అద్దె ఒకరోజు ఆలస్యమైనా గ్రాండ్, మోకాలు నొప్పి పుట్టినా గ్రాండ్. అలాంటావిడ ఇంట్లో నేను ఒక శుభముహూర్తాన ఎండుమిరపకాయల పోపు వేశాను. పొగ అలారం ఇల్లు లేచిపోయేలా మోగింది, ఓనరమ్మ దగ్గుతూ పెరట్లోకి పరిగెత్తింది. క్షమాపణ చెప్పాను. గ్రాండ్ అంది. ఆ తర్వాతి వారం మళ్ళీ పోపు వేశాను (రసానికి పోపు లేకపోతే ఎలా?), మళ్ళీ మోగింది. ఈసారి ఆవిడ గ్రాండ్ అనలేదు. "ఆదివారం వంటింటి గురించి కాస్త మాట్లాడుకుందాం" అని మాత్రం అంది.

ఈ దేశంలో 'కాస్త మాట్లాడుకుందాం' అనే మాటకి అర్థం ఏమిటో ఆఫీసులో చూసి ఉన్నాను. గాల్వేలో ఇంకో గది దొరకడమంటే మాటలు కాదు, ఒక్కో గదికి ఊరంతా లైను కట్టేది. ఏం చేసి ఆవిడ మనసు కరిగించాలా అని ఆలోచిస్తూ, శనివారం డబ్లిన్ వెళ్తున్నానని చెప్పాను. "లిబర్టీస్ పేట వైపు వెళ్తే, అక్కడ ఇంకా గర్ కేకు చేస్తున్నారేమో. నువ్వు దానికోసం పనిగట్టుకుని వెళ్ళకు సుమా" అంది ఆవిడ, కిటికీలోంచి బయటికి చూస్తూ. మా అమ్మ కూడా కావలసినవన్నీ ఇలాగే అడిగేది, 'ఇప్పుడెందుకులే' అని. అందుకే ఆ కేకు లేకుండా తిరిగి రాకూడదని నాకు ఇట్టే అర్థమైంది.

శనివారం హ్యూస్టన్ స్టేషన్లో దిగి నేను చేసిన మొదటి పని, ఊరి శివారు క్లాండాల్కిన్‌లో ఉన్న అత్తయ్యకు ఫోన్ చేయడం. ఆవిడ మా నాన్నకు పిన్ని కూతురు, చాలా ఏళ్ళుగా అక్కడ నర్సు. నేను డబ్లిన్ వచ్చి గుమ్మం తొక్కకుండా వెళ్ళానని తెలిస్తే, నా తిరుగు రైలు అత్లోన్ దాటేలోపు తెనాలిలో మా నాన్న ఫోను మోగుతుంది. ఐదు నిమిషాలు కనబడి, మంచినీళ్ళు తాగి, ఆ తర్వాత దర్జాగా ఊరు తిరగొచ్చునని లెక్క వేసి లువాస్ ట్రామెక్కాను. గుమ్మంలోనే ముందుజాగ్రత్తగా ఒక మాట అనేశాను.

"తినే వచ్చానత్తయ్యా!"

ఏ తెలుగు అత్తయ్యా నమ్మని మాట ఏదన్నా ఉంటే అదే. పైగా చేపల సూపు కోసం పొద్దుటినుంచి కడుపు ఖాళీగా ఉంచుకున్నానేమో, సరిగ్గా అప్పుడే అది గట్టిగా మూలిగింది.

"ఏం తిన్నావురా మొహం? ఆ రైల్లో అమ్మే బ్రెడ్డు ముక్కలేనా? కూర్చో. కోడికూర పొయ్యి మీదుంది, గోంగూర ఉడకబెట్టా, ఇంకెంతసేపు!" అని వంటింట్లోంచి కేకేసింది.

అది 'ఇంకెంతసేపు' కాదని తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. కూర అయ్యాక అన్నం, అన్నం అయ్యాక అప్పడాలు, అన్నీ బల్ల మీదికి వచ్చాక మామయ్య ప్రార్థన. మామయ్య నెమ్మదస్థుడు, ప్రార్థన కూడా నెమ్మదే. నా ఉద్యోగం కోసం, నా పెళ్ళి కోసం, తెనాలిలో మా నాన్న బీపీ కోసం, చివరికి "ఈ బిడ్డ సాయంత్రం క్షేమంగా రైలందుకొనునట్లు" ప్రార్థించాడు. రైలు అందాలంటే ఆ ప్రార్థన ముగియాలన్న సంగతి దేవుడికి తెలుసు గానీ మామయ్యకు తెలియదు. నేను ఆమెన్ అని, చెయ్యి కడుక్కుని, 'కొంచెం చాలు' అని ఎన్నిసార్లన్నానో అన్నిసార్లూ వడ్డింపించుకుని, రేవునీ చేపలనీ మనసులోనే సాగనంపాను.

పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి బేకరీ గుర్తొచ్చి లేవబోయాను. శనివారం పెందలాడే మూసేస్తారని ఓనరమ్మ చెప్పింది. సంగతి విన్న అత్తయ్య కళ్ళు పెద్దవి చేసింది.

"గది పోయేలాగుందా? ఆ మాట ముందు చెప్పొద్దూ! ఇందాకట్నుంచీ రెండోసారి కూర వేయించుకుంటా కూర్చున్నావు!"

(రెండోసారి ఎవరు వేశారో పాఠకులకు తెలుసు.) ఒక్కడివీ దారి తప్పుతావని చుడీదారు మీద పెద్ద కోటు వేసుకుని తనూ బయల్దేరింది. చేతిలో నా కోసం ఆవకాయ డబ్బా, ఓనరమ్మ కోసం సున్నుండల డబ్బా. ట్రామంతా నన్ను ప్రశ్నలడిగింది. గర్ కేకంటే అమ్ముడుపోని రొట్టెనీ కేకునీ టీలో నానబెట్టి, ఎండుద్రాక్షలూ మసాలాలూ కలిపి, రెండు పల్చటి పిండి రేకుల మధ్య పెట్టి కాలుస్తారని చెప్పాను. పెద్దావిడకి మిగిలిపోయిన రొట్టె పట్టుకెళ్తావా అని కోప్పడుతుందనుకున్నాను. "రాత్రన్నంతో పులిహోర కలపమా ఏంటి!" అని తేల్చేసింది.

సెయింట్ జేమ్స్ ఆసుపత్రి స్టాపులో దిగి దాదాపు పరిగెత్తాం. బేకరీ ఆమె అప్పటికే అద్దం తుడుస్తోంది. ట్రేలో గర్ కేకు చదరాలు రెండే మిగిలి ఉన్నాయి, వాటి పక్కన నల్లగా మాడిన అంచు ముక్క ఒకటి వంకరగా పడి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు చదరాలూ కొని, డబ్బిచ్చి, థాంక్స్ చెప్పి వెనక్కి తిరిగాను. అత్తయ్య తిరగలేదు.

"ఆ అంచు ముక్క కూడా వెయ్యి, లవ్" అంది, సగం తెనాలి సగం డబ్లిన్ కలిసిన ఇంగ్లీషులో.

"అది అమ్మేది కాదు" అంది షాపామె.

"అమ్మేది కాదు కదా, మరి ఊరికే వెయ్యి!"

నాకు తల కొట్టేసినట్టయింది. తెనాలి మార్కెట్లో వంకాయలు కొన్నాక రెండు పచ్చిమిరపకాయలూ ఒక కరివేపాకు రెమ్మా వేయించుకోవడం వేరు. ఇది ఐర్లండు, నేను ఇంజనీరుని, నా మెడలో కంపెనీ కార్డు కూడా వేలాడుతోంది (శనివారం ఎందుకు వేసుకున్నానని అడగకండి, ఆ వయసు అలాంటిది). మెల్లగా బయటికి జారుకుని, అవతల బస్టాపు బోర్డుని ఎంతో అవసరమున్నవాడిలా చదవడం మొదలుపెట్టాను. లోపల్నుంచి షాపామె నవ్వు వినబడింది. కాసేపటికి అత్తయ్య అంచు ముక్క ఉన్న కాగితపు సంచి ఊపుకుంటూ వచ్చింది.

"ఎందుకత్తయ్యా అలా అడగడం?"

"కొసరడక్కుండా కొంటారంట్రా ఎవరైనా? డబ్బులిచ్చి సరుకు తీసుకుంటే బేరమైపోద్ది. కొసరడిగితేనే కదా నాలుగు మాటలు కలిసేది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులంట, తెలుసా నీకు?"

నాకు తెలియదు. రైలు మాత్రం అందింది, మామయ్య ప్రార్థన వృథా పోలేదు.

ఆదివారం పొద్దున ఓనరమ్మ వంటింట్లో కెటిల్ పెట్టి కూర్చుంది. ఖాళీ చేయమంటే ఏమని బతిమాలాలో రాత్రంతా మాటలు కూర్చుకున్నాను. రెండు చదరాలనీ మంచి ప్లేటులో పెట్టి ఆవిడ ముందుంచాను. సున్నుండలు పక్కన పెట్టాను. అంచు ముక్క ఉన్న సంచిని మాత్రం మెల్లగా చెత్తబుట్ట వైపు జరుపుతున్నాను.

"అందులో ఏముంది?"

"ఏం లేదు. మాడిన అంచు. మా అత్తయ్య ఊరికే అడిగి తీసుకుంది" అన్నాను, అత్తయ్య తరఫున సిగ్గుపడుతూ.

ఓనరమ్మ చెయ్యి చాచింది. ఆ ముక్కని సంచిలోంచి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, కొరికింది. చాలాసేపు నమిలింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి, మాడు గట్టిగా ఉండి పన్ను నొప్పి పుట్టిందేమోనని భయపడ్డాను.

"మా ఇంట్లో కేకు ఎప్పుడూ కొనలేదు" అంది. "మేము ఆరుగురు పిల్లలం. బేకరీ వెనక తలుపు దగ్గర నిలబడి అంచులు అడిగేవాళ్ళం. మా అక్క అడిగేది, నేను సిగ్గుపడి దూరంగా నిలబడేదాన్ని. తర్వాత కొనుక్కునే రోజులొచ్చాయి. కొంటే చదరాలిస్తారు, అంచులు ఇవ్వరు కదా."

ఆవిడ రెండు చదరాలూ నా వైపు తోసింది. కడుపు నిండిపోయిందన్నాను. "తింటావులే" అని ప్లేటు ఇంకాస్త దగ్గరికి జరిపింది, అచ్చం అత్తయ్యలాగే. డబ్లిన్ తిండి నా నోట్లోకి వెళ్ళడం అదే మొదలు. నిజం చెప్పాలంటే మరీ గొప్పగా ఏమీ లేదు, తియ్యటి టీ పొడి తిన్నట్టుంది. రెండూ తిన్నాను.

ధైర్యం కూడగట్టుకుని వంటింటి సంగతి నేనే ఎత్తాను.

"ఓ, అదా! మంగళవారం మనిషొచ్చి అలారాన్ని హాల్లోకి మారుస్తాడు. ఆ నల్ల గింజలు ఎగరడం మొదలెట్టగానే నువ్వు పెరటి తలుపు తెరువు. గ్రాండ్?"

గ్రాండ్ అన్నాను. పెళ్ళయి డబ్లిన్ వచ్చేవరకూ ఆ గదిలోనే ఉన్నాను. ఎప్పుడు డబ్లిన్ వెళ్ళినా అంచు ముక్క తెచ్చేవాణ్ణి, ఎప్పుడూ అత్తయ్య చేతే అడిగించి. ఓనరమ్మ పోయి కొన్నేళ్ళయింది. ఆవిడ లేని గాల్వేకి వెళ్ళాలంటే ఇప్పటికీ నాకు మనసొప్పదు. అత్తయ్యకి ఇప్పుడు మెట్లు దిగడం కష్టం. ఊరు తిరగడానికి వెళ్ళి నేను కేకు కొన్నానంటే మాత్రం ఫోన్లో మొదట అడిగేది కొసరు గురించే.

మొన్న శనివారం మా అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ బేకరీకి వెళ్ళాను. దానికి పదమూడేళ్ళు, తెలుగులో అడిగితే ఐరిష్ యాసలో జవాబిస్తుంది. నాలుగు చదరాలు కొన్నాక నేను వెనక్కి తిరగలేదు. ట్రేలో ఒక అంచు ముక్క కనబడింది. "అది అమ్మేది కాకపోతే ఊరికే వెయ్యండి" అన్నాను.

"డాడ్! ప్లీజ్, స్టాప్!" అని మా అమ్మాయి ఎర్రబడ్డ మొహంతో బయటికి వెళ్ళిపోయింది. అద్దంలోంచి చూస్తే అవతల బస్టాపు దగ్గర నిలబడి బోర్డుని చాలా శ్రద్ధగా చదువుతోంది. ఆ బోర్డు మీద చదవడానికి పెద్దగా ఏమీ ఉండదు. నాకు తెలుసు.