పసుపు ఎర్రబడిన క్రీము

క్రీము కలిపిన ప్రతిసారీ పీహెచ్ పట్టీ ముంచి రంగు చూస్తాను. చూసినప్పుడల్లా ఇద్దరికి మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఒకరు ఆ పట్టీ చేతికిచ్చిన టీచరుగారు, ఇంకొకరు మా వెనక వీధి పిన్ని.

తిరువూరులో మాది కిరాణా కొట్టు. పసుపు, కొబ్బరినూనె ఎప్పుడూ చేతికందేవే. ఫోనులో వీడియోలు చూసి క్రీములు మొదలుపెట్టాను. వీధిలో వాళ్లు నన్ను "క్రీముల డాక్టరమ్మ" అని ఆటపట్టిస్తుంటే పొంగిపోయేదాన్ని. ఒకరు చెబితే వినే రకాన్ని కాదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

పత్తి తీతల కాలంలో పిన్ని రోజూ ఆటోలో ఎ.కొండూరు వైపు వెళ్లేది. ఎండిన కాయల కొసలు గుచ్చుకుని ఆవిడ వేళ్లు పగిలిపోయేవి. చూడలేక ఒక క్రీము చేశాను. కొబ్బరినూనె, మైనం, రోజ్ వాటర్, పసుపు. బెణికితే పసుపూ సున్నం కలిపి పట్టు వేస్తాం కదా, పగుళ్లకు మాత్రం ఎందుకు పనిచేయదని తాంబూలం సున్నం కూడా శనగగింజంత వేశాను. గిలక్కొట్టేసరికి క్రీము కుంకుమలా ఎర్రబడింది. ఎంత శుభంగా ఉందోనని మురిసిపోయాను.

నాలుగో రోజు పిన్ని పెరటి గుమ్మంలోంచి వచ్చింది. సీసా కొంగు కింద దాచి తెచ్చింది. చేతుల నిండా పొక్కులు.

"నీ క్రీము మంచిదేనమ్మా. నా చర్మమే మంచిది కాదు, మొరటుది. ఎవరికీ చెప్పలేదులే, నీ పేరు పాడవుద్ది," అంది.

ఆ చేతులతో పనికి పోలేక ఇంట్లోనే కూర్చుంది ఆవిడ. నేనేమన్నానో తెలుసా? "అవును పిన్నీ, కొందరికి పడదు," అన్నాను. ఛీ, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మనసు ఊరుకోలేదు. సాయంత్రం సీసా పట్టుకుని, సైన్సు చెప్పి రిటైరైన టీచరుగారింటికి వెళ్లాను. పిన్ని చేతుల సంగతి విని, ఆవిడ మూత తీసి చూడగానే, "సున్నం వేశావా?" అంది.

"మీకెలా తెలిసిందండీ?"

"దిష్టి తీసే నీళ్లు ఎలా ఎర్రబడతాయి? పసుపుకి సున్నం తగిలేగా! ఈ ఎరుపు శుభం కాదు తల్లీ, క్షారం."

కొంచెం క్రీము నీళ్లలో కలిపి పట్టీ ముంచింది. ముదురు నీలం. డబ్బా మీది రంగుల పక్కన పెట్టి అంకె చూసింది.

"మంచినీళ్లు ఏడు అనుకో. మన చర్మం అయిదు దగ్గర, కాస్త పులుపు. ఆ పులుపే దానికి కాపలా. ఒక్క అంకె పెరిగితే క్షారం పది రెట్లు. నీ క్రీము పదకొండు."

"మరి పిన్నిది మొరటు చర్మమని..."

"ఎవరి చర్మమైనా పొక్కుతుంది. నాదైనా, నీదైనా."

"పసుపు ఎర్రబడకపోతే చాలాండీ?"

"చాలదు. పచ్చగా ఉన్నంత మాత్రాన సరిపోయినట్టు కాదు. పట్టీతో చూడాల్సిందే," అంటూ పట్టీల డబ్బా నా చేతికిచ్చింది.

నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే పిన్ని ఇంటికి వెళ్లాను. పెరటి దారిన కాదు, ఆడవాళ్లంతా ఆటో కోసం నిలబడే వీధిలోంచే. వాళ్లను చూస్తూ పిన్ని అరుగు మీద కూర్చుని ఉంది.

"తప్పు నాది పిన్నీ. సున్నం వేశాను. నీ చర్మానిదేం లేదు," అన్నాను, అందరికీ వినపడేట్టు.

"వామ్మో, సున్నమా!" అంది ఆటో దగ్గర ఒకావిడ. డాక్టరమ్మ పరువు అక్కడితో సరి.

పిన్ని మాత్రం నావైపు చూడలేదు. "అయితే నా చర్మం మంచిదేనా?" అంది.

"మంచిదే పిన్నీ. టీచరుగారిది ఎలాంటిదో నీదీ అలాంటిదే."

ఆవిడ చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. "ఇన్నేళ్లూ వీటినే తిట్టుకున్నానమ్మా," అంది.

పొక్కులు పూర్తిగా మానాక, సున్నం లేకుండా కొత్త క్రీము చేశాను. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు చుక్క చుక్కా వేస్తూ, అయిదున్నరకు వచ్చేదాకా పట్టీలు ముంచాను. ఆవిడ వద్దంటే ఆ సీసా అక్కడే పారేద్దామనుకుంటూ తీసుకెళ్లాను.

పిన్ని సీసా వైపు చూడనైనా లేదు. రెండు చేతులూ నా ముందుకు చాపి, "రాయమ్మా," అంది.