నా మనవరాలి మనోధైర్యానికి వాళ్లేసిన మార్కు

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా "మనోధైర్యం తక్కువ" అన్న మాట కూడబలుక్కుని చదవగలిగినాను. నా మనవరాలి పుస్తకాల సంచీలో దొరికింది ఆ కాగితం. దాని పక్కనే నర్సు చదువుకు పంపాల్సిన దరఖాస్తు, నింపకుండా.

"ఏందిమే ఇది?"

"నాకు నర్సు పని చేతకాదులే అవ్వా. పరీక్షలోనే తేలిపోయింది."

ఆత్మకూరులో అది చదివే కాలేజీకి ఎవరో పరిశోధనకని వచ్చినారంట. వీఆర్ అని, కళ్లకు పెట్టె లాంటిది కట్టి, అందులో కనబడే బొమ్మల్లోనే కొండదారిన బండిలో తిప్పుతారంట. కూర్చునేది కుర్చీలోనే, కడుపుకు మాత్రం ఉదయగిరి కొండదారి బస్సెక్కినట్టేనంట. ఎంతసేపు ఓర్చుకుంటే మనసు అంత గట్టిదంట. ఇది కాసేపటికే వాంతి చేసుకుని పెట్టె తీసేసింది.

నాకు ఒళ్లు మండింది. మొన్న వానల్లో మేక ఈనలేక అరుస్తుంటే, చెయ్యి లోపలికి పెట్టి అడ్డం తిరిగిన పిల్లను లాగింది ఇదే. నేనే తల తిప్పుకున్నాను. దీనికా ధైర్యం తక్కువ?

మర్నాడు దాన్ని వెంటబెట్టుకుని బస్సెక్కినాను. నాకూ బస్సు పడదు. మా పక్క ఆడోళ్లందరి మాదిరే కొంగున కట్టుకున్న నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని, ఊరు దాటగానే కళ్లు మూస్తే డిపోలోనే తెరుస్తాను. పెళ్లైన కాడినుంచీ ఆ దారిన పోతానే ఉన్నాను, దారి ఎట్లుంటాదో తెలీదు. దిగినాక కాయ మళ్లీ కొంగుకే, ఇంటికెళ్లి చారులో పిండుకోవచ్చు.

పరిశోధన చేసే మేడం కాలేజీ గదిలోనే ఉండాది.

"నాకూ కట్టు," అన్నాను.

"ఈ వయసులో వద్దమ్మా, కళ్లు తిరుగుతాయి."

"తిరిగితే నా కళ్లే కదా. కట్టు."

సంతకం పెట్టించుకుని కట్టింది. కదలకుండా కూర్చున్నాను. చివరికి ఆమే వచ్చి పెట్టె తీసింది. "చివరిదాకా ఉన్నారే! మీ అంత మనోధైర్యం ఇక్కడెవరికీ లేదమ్మా," అని కాగితం మీద రాసింది.

"నేను కళ్లు మూసుకుని కూర్చున్నాను తల్లీ. కొండా చూళ్లేదు, దారీ చూళ్లేదు."

ఆమె పెన్ను ఆగింది. "కళ్లు తెరిచే ఉంచమని చెప్పాను కదా."

"చెప్పినావు. నా మనవరాలు నీ మాట విని కక్కుకుంది. నేను వినలేదు, నాకు మార్కులేసినావు."

"అవ్వా, చాల్లే," అని మనవరాలు నా కొంగు లాగింది.

"నువ్వుండు. మా బస్సులో సగంమంది కక్కుతారు మేడం. దిగి నోరు కడుక్కుని కూలికి పోతారు. వాళ్లందరూ పిరికోళ్లా?"

మేడం గొంతు తగ్గింది. "కళ్లేమో కదులుతున్నామంటాయి, ఒళ్లేమో లేదంటుంది. అందుకే కడుపు తిప్పుతుందమ్మా. అది ధైర్యానికి సంబంధించింది కాదు."

"తెలిసే రాసినావా మరి?"

మేడం నా మనవరాలి కాగితం కూడా అడిగి తీసుకుంది. రెండు కాగితాల మీదా మనోధైర్యం అన్న మాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టింది. అప్పటికీ నా కోపం దిగలేదు.

డిపోలో బస్సెక్కి కూర్చోగానే మనవరాలు దరఖాస్తు తీసి ఒళ్లో పెట్టుకుంది. సగం నింపేసరికి బస్సు కదిలింది. దాని మొహం పాలిపోయింది, పెన్ను మాత్రం ఆగలేదు. నిమ్మకాయ దాని చేతిలో పెట్టినాను.

"కక్కొస్తే కక్కు. రాయి," అన్నాను.