సుచిత్ర దగ్గర తాగిన చాయ్

మేడ్చల్‌లో నేను పనిచేసే ల్యాబులో ఫ్రీజర్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది: "ట్యూబులు బయట పెట్టి మరిచిపోయిన వాళ్ల తాట తీస్తా." రాసింది నేనే. నా నోటికి జడిసి జూనియర్లు నేను వస్తుంటే పక్కకు తప్పుకుంటారు.

మేం తయారుచేసేది కుక్కల ఇంటర్‌ఫెరాన్. వైరస్ సోకినప్పుడు కుక్క ఒంట్లో పుట్టే ప్రోటీన్ అది. దాని జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి, ఆ ప్రోటీన్‌ను వాటిచేత చేయించి, శుద్ధి చేసి, చిన్న ట్యూబుల్లో గడ్డకట్టించి పరిశోధన చేసేవాళ్లకు ఇస్తాం. వేడి తగిలితే పాడవుతుంది. పాలైతే విరుగుతాయి, కూరైతే వాసన కొడుతుంది. ఇది బాగున్నా పాడైనా నీళ్లలాగే ఉంటుంది.

ఆ వేసవిలో, పశువైద్య కళాశాలలో పీజీ చేస్తున్న ఒకమ్మాయికి ఇవ్వాల్సిన ట్యూబు, మీద పేరు రాసి పెడదామని బయటికి తీశాను. ఆ బ్యాచ్‌లో మిగిలింది అదొక్కటే. సరిగ్గా అప్పుడే మా అక్క ఫోను. బహదూర్‌పల్లిలో మేం చూసిన ఫ్లాటులో వంటగది ఉండాల్సిన మూలన లేదట. నేను ఊరుకుంటానా? మెట్ల మీద నిలబడి గంటకు పైగా వాదించాను. తిరిగొచ్చేసరికి ట్యూబు బల్ల మీదే ఉంది. పట్టుకుంటే వెచ్చగా తగిలింది. ఎవరూ చూడలేదు. గబుక్కున ఫ్రీజర్‌లో పెట్టేశాను. మళ్లీ పరీక్ష చేయాలంటే మూడు రోజులు కావాలి, మర్నాడే ఇస్తామని మాటిచ్చాం. ఏం కాదులే అనుకున్నాను.

మర్నాడు ఆ అమ్మాయి వాళ్ల నాయిన వచ్చాడు. లాల్‌గడి మలక్‌పేట్‌లో వ్యవసాయం చేస్తాడు. కొరియర్ మీద నమ్మకం లేక, తానే బండి మీద కాలేజీకి చేరుస్తానన్నాడు. డ్రై ఐస్ నింపిన థర్మాకోల్ డబ్బాలో పెట్టిచ్చాను. తువ్వాలు తడిపి డబ్బాకు చుట్టాడు.

"పైలంగ తీస్కపోత మేడం. బిడ్డ ఏడాది సంది కుక్కల నెత్తురు జమజేసింది గిందుకే."

రెండు వారాలకు అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది. కుక్కల రక్తం నుంచి తీసిన కణాల మీద ఈ ప్రోటీన్ వేస్తే ఏ మార్పూ లేదట. దాచుకున్న నమూనాల్లో సగం అయిపోయాయట. మిగతా సగం కూడా ఇలాగే పోతే థీసిస్ లేనట్టే.

"మీ దగ్గర ఏమన్న తేడా వచ్చిందా మేడం?"

"మా దగ్గర పరీక్షలో పాసైంది" అన్నాను. పాసైన మాట నిజమే, బల్ల మీద వెచ్చబడక ముందు. అక్కడితో ఆగినా బాగుండేది. "దారిలో ఏమైందో మీ నాన్నగారిని అడుగమ్మా" అని కూడా అన్నాను.

ఛీ! ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కొత్త బ్యాచ్ సిద్ధమయ్యాక పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈసారి పెద్ద డబ్బాలో చిన్న డబ్బా పెట్టుకుని తెచ్చాడు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు.

"తప్పు నాదే మేడం. ఎండకు తల తిరిగినట్టయితే సుచిత్ర చౌరస్త కాడ ఆగి చాయ్ తాగిన. పది నిమిషాలు గూడ గాలే. గా జరసేపట్లనే ఖరాబైంది. బిడ్డ నాతోని మాట్లాడ్తలేదు. గా దినం సంది చాయ్ ముట్టలే."

నిజం చెప్పేద్దామనుకున్నాను. ఎదురుగా ఫ్రీజర్ తలుపు, దాని మీద నా రాత, పక్కన ఇద్దరు జూనియర్లు. పరువు పోతుందని భయపడ్డాను, ఇంకేం కాదు.

"ఈసారి ఎక్కడా ఆగకండి" అన్నాను.

ఆయన బుద్ధిగా తలూపి డబ్బా ఎత్తుకున్నాడు.

కొన్నాళ్లకు ఆయనే ఫోన్ చేశాడు. గొంతు నిండా సంబరం.

"మేడం, పనిచేసిందంట! బిడ్డ మాట్లాడింది. గీసారి యాడ ఆగలే మేడం, ఒంటికి గూడ ఆగలే."

"మంచిదండీ" అన్నాను. చెప్పెయ్, ఇప్పుడైనా చెప్పెయ్ అని లోపల ఒకటే పోరు. ఇంతలో ఆయనే అడిగాడు.

"ఇగ చాయ్ తాగొచ్చునా మేడం?"

"తాగండి" అన్నాను, ఏదో నేనే ఆయన్ని క్షమించినట్టు.