కుడి డెక్క ఊడిన రొయ్య

ఆ ఏడాది మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మావారు మస్కట్‌లో ఉద్యోగం చేసేవారు. పొద్దున్నే ఆవిడకి స్నానం చేయించి, తినిపించి, అమలాపురంలో నేను జువాలజీ చెప్పే కాలేజీకి పరుగెత్తేదాన్ని. ఆదివారాలు ఆవిడని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి, ఓడలరేవు బస్సెక్కి, మడచెట్ల మధ్య ఉప్పునీటి బురదలో చిటికెల రొయ్యల కోసం వెతికేదాన్ని. ఎం.ఫిల్. కోసం నేను ఎంచుకున్న విషయం అది. ఎందుకు ఎంచుకున్నానా అని బురదలో దిగిన ప్రతిసారీ అనిపించేది.

చిటికెనవేలంత ఉంటుందేమో ఆ రొయ్య. పీతకున్నట్టు ముందుండే రెండు డెక్కల్లో ఒకటి మాత్రం ఒంటికి మించి పెరుగుతుంది. దాన్ని ఠక్కున మూస్తే నీటిలో బుడగ పుట్టి పేలుతుంది. ఆ దెబ్బకి ఎదుటి పురుగు సొమ్మసిల్లుతుంది. కొన్ని బురదలో జంటగా బొరియలు చేసుకుంటాయి, కొన్ని ఆల్చిప్పల సందుల్లో దూరి ఉంటాయి. చూడ్డానికి చాలామటుకు ఒక్కలాగే కనిపిస్తాయి. ఏది ఏ జాతిదో తేల్చడానికి ఆ పెద్ద డెక్క మీది గాడి, నూగు చూడాలి. తీరా పాడవకుండా స్పిరిట్‌లో వేయగానే ఆ డెక్కే ఊడిపోయేది. ఏ డెక్క ఏ రొయ్యదో తెలియక ఎన్నో సీసాలు పక్కన పడేశాను.

అందుకని కొన్నింటిని ప్రాణంతోనే తెచ్చి, వసారాలో అత్తగారి మంచం పక్కన గాజు సీసాల్లో ఉంచాను.

"ఏంటమ్మాయ్, పగలంతా ఎవరో మెటికలు విరుస్తున్నట్టుంది," అన్నారావిడ.

"తీసేయమంటారా అండీ?"

"ఉండనీలే. ఇంట్లో ఏదో ఒకటి మసులుతోంది."

ఒకరోజు నీళ్ళు మారుస్తుంటే ఒకదాని కుడి డెక్క, పెద్దది, ఊడొచ్చింది. ఇక పనికిరాదని పారబోయబోయాను.

"పారెయ్యకు. చచ్చిపోలేదుగా," అన్నారు అత్తగారు.

వాదించే ఓపిక లేక ఉంచేశాను. అది రెండు మూడుసార్లు కుబుసం విడిచింది. ఒక సాయంత్రం కాలేజీ నుంచి రాగానే ఆవిడ పిలిచారు.

"దీని ఎడం చెయ్యి లావెక్కింది చూడు. పక్కింటావిడొచ్చేరు, ఆవిడకీ చూపించేను."

నిజమే. ఎడమవైపు చిన్న డెక్క పెద్దదైంది. కుడివైపు చిన్నది మొలుస్తోంది. ఈ రొయ్యల్లో అది మామూలేనని చెప్పాను.

"దానికి కొత్తది వస్తుంది. మనకి రాదుగా," అన్నారావిడ.

చెప్పులు కూడా విప్పకుండా మంచం అంచున కూర్చుండిపోయాను. చాలాసేపటికి ఆవిడే, "అన్నం కలిపి కంచంలో పెట్టెయ్. నేనే తింటాను," అన్నారు.

"ఆయ్, అలాగేనండి."

ఎడంచేత్తో తిన్నారు. సగం చీర మీదే పడింది. చీర మార్చి, నేల తుడిచి, మళ్ళీ నేను తినేసరికి ఒళ్ళు హూనమైంది. మర్నాడూ అలాగే తింటానన్నారు.

ఎండలు ముదిరాక ఉప్పునీళ్ళ కోసం ఓడలరేవు వెళ్ళలేకపోయాను. రొయ్యలన్నీ చనిపోయాయి. డెక్క ఊడకుండా నిలిచిన జాతుల గురించే రాసి, ఎం.ఫిల్. ఆలస్యంగా ముగించాను. అత్తగారికి మెల్లగా ఎడంచేత్తో తినడం బాగా అలవాటైంది. జడ మాత్రం చివరిదాకా నేనే వేశాను.