వీర్రాజు బూటు లేసు

మా ఫ్యాక్టరీ వాలీబాల్ జట్టులో వీర్రాజు పద్నాలుగేళ్లు ఆడాడు. అన్నేళ్లలో అతని బూటు లేసు ఊడని మ్యాచ్ ఒక్కటీ లేదు. ఊడటం కూడా ఎప్పుడు? జనమంతా ఊపిరి బిగబట్టినప్పుడే. రెఫరీ విజిల్ నోట్లో పెట్టుకునేసరికి వీర్రాజు చెయ్యెత్తి, "ఒక్క నిమిషమండీ" అంటూ మోకాలి మీద కూర్చునేవాడు.

ఎనభై మూడులో అతని ఆట చూసి, ఉద్యోగమిచ్చి, భీమవరం నుంచి పటాన్‌చెరుకు తీసుకొచ్చారు. లిఫ్టరు. అంటే వల పక్కన నిలబడి, తోటివాడు కొట్టడానికి వీలుగా బంతిని పైకి లేపి అందించేవాడు. బంతి దగ్గర చురుగ్గా ఉండే ఆ వేళ్లు లేసు దగ్గరికొస్తే మొద్దుబారేవి. ముడి వేసి, విప్పి, మళ్లీ వేసి, లాగి చూసి, రెండో బూటును కూడా పరామర్శించి గానీ లేచేవాడు కాదు. స్కోరు బల్ల దగ్గర కూర్చునే నేను ఆలోగా నవలలో రెండు పేజీలు చదివేసేవాణ్ణి.

"ఓ వీర్రాజన్నా! లేసు కడుతున్నవా, సాప అల్లుతున్నవా? జల్దీ కానియ్!" అని గట్టు మీద జనంలోంచి కొమురయ్య అరిచేవాడు.

"ఇంట్లో లుంగీ ముడి ఊడినా చూసుకోరు. గ్రౌండులో మాత్రం లేసులట!" అనేది అతని భార్య హైమావతి.

ఎనభై తొమ్మిదిలో ఫైనల్‌కి వచ్చాం. మా తరఫున బంతిని బాదేవాడు గుమ్మడిదల జంగయ్య. టెంపరరీ. కప్పు గెలిస్తే పర్మనెంటు, ఓడితే నెలాఖరుకు ఇంటికి. ఆ మాట చెప్పిన స్పోర్ట్స్ సెక్రటరీ కామరాజుగారు, ఆ రోజు వీర్రాజు చేతిలో ఒక డబ్బా పెట్టారు. లేసుల్లేని, పట్టీ అంటించుకునే బూట్లు.

"ఇవాళేం కడతావో చూస్తా!"

వీర్రాజు ముఖం పరీక్ష తప్పినవాడి ముఖంలా అయింది.

అయిదో సెట్టు. పద్నాలుగు, పదమూడు. మాకొక్క పాయింటు చాలు. టైమౌట్లు అయిపోయాయి, ఆటగాళ్లను మార్చే అవకాశమూ అయిపోయింది. నా బల్లకు రెండడుగుల దూరంలో జంగయ్య మోకాళ్ల మీద చేతులానించి, ఈల వేసినట్టు ఊపిరి తీస్తూ నేలకేసి చూస్తున్నాడు. రెఫరీ విజిల్ ఎత్తాడు. వీర్రాజు అలవాటుగా వంగాడు. అతని వేళ్లు బూటంతా వెతుక్కున్నాయి. లేసేదీ? జనం గొల్లుమన్నారు.

"అమ్మో, పట్టేసిందండీ!"

కుడి పిక్క పట్టుకుని వెల్లకిలా పడ్డాడు. రూలు ప్రకారం మూడు నిమిషాలిచ్చారు. కామరాజుగారు వేడుకున్నారు, నీళ్లు చల్లారు, చివరికి తానే కూర్చుని పిక్క తోమారు. ఆలోగా జంగయ్య ఊపిరిలో వినిపిస్తున్న ఈల మెల్లగా తగ్గింది. వంగిన నడుము నిటారైంది.

అప్పుడు వీర్రాజు కుంటుతూ లేచాడు. ఎడమ కాలు కుంటుతూ.

నేను తల వంచుకుని స్కోరు కాగితం చూసుకున్నాను. బంతి వచ్చింది. వీర్రాజు లేపాడు, జంగయ్య బాదాడు. అవతలివాళ్లు కదిలేలోగా అది గీత లోపల పడింది.

సాయంత్రం అడిగాను: "వీర్రాజూ, పట్టేసింది ఏ కాలు?"

"కుడిదండీ... ఎడమదా? కొంపదీసి రాసేశారా గురువుగారూ?"

"రాయలేదు. చెప్పు."

"జంగయ్యకి ఉబ్బసమండీ. పైవాళ్లకి తెలిస్తే అన్‌ఫిట్ అనేస్తారు. రెండు నిమిషాలు ఆగితే సర్దుకుంటాడు. వాడికీ తెలీదండోయ్, నా లేసుల్ని రోజూ తిడతాడు."

"మరి జంగయ్య రాకముందు?"

"అప్పుడు జట్టులో అంజయ్యకి మోకాలు నెప్పండీ."

తొంభై ఏడులో వీర్రాజు ఆట మానేసినప్పుడు క్యాంటీన్‌లో సభ పెట్టాం. పర్మనెంటు జంగయ్య మైకు పట్టుకున్నాడు. "మా లేసులన్న లేకుంటే నేను..." అని ఆగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆగాడు. అందరూ అతన్నే చూస్తున్నారు.

వేదిక మీద వీర్రాజు చెయ్యెత్తాడు. "ఒక్క నిమిషమండీ" అని వంగాడు.

ఆ రోజు అతని కాళ్లకున్నవి హవాయి చెప్పులు.

జంగయ్య ఆ చెప్పులకేసి చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు.

"ఇగ లే అన్నా. దమ్ము తీసుకున్న."